మొగులయ్య రెండో తిప్పు

మా శామీర్‌పేట రోడ్డు మీద మెకానిక్కులకు కరువు లేదు. రింగ్ రోడ్డు దిగి కాస్త ముందుకొస్తే ఎడమ పక్కన వరసగా ఏడు షెడ్లు, వాటి ముందు బానెట్లు ఎత్తి నిలబెట్టిన బండ్లు. అయిదు షెడ్లవాళ్లు బండి రాగానే కంప్యూటర్ తగిలించి చూస్తారు. ఆరోవాడు ఫోన్‌లో వీడియో పెట్టుకుని చూస్తాడు. ఏడో షెడ్డు మొగులయ్యది. అతను చెయ్యి పెట్టి చూసేవాడు. చూసేవాడు అని ఎందుకంటున్నానంటే ఆ షెడ్డుకు తాళం పడి ఆరు నెలలయింది.

ఆ షెడ్డు పక్కనే నా స్పేర్ పార్టుల దుకాణం. నా పేరు మధుసూదన్. మచ్చ బొల్లారం నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చి షట్టర్ ఎత్తుతాను, సాయంత్రం దించుతాను. పద్దెనిమిదేళ్లు ఆ మనిషి చేతిని చూశాను. ఆ చెయ్యి పాడయిందని అందరికంటే ముందు తెలిసింది కూడా నాకే. తెలిసీ నోరు మూసుకున్నాను. ఈ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే, అందుకని మంచివాడిలా నటించకుండా చెబుతాను.

మొగులయ్యది లాల్‌గడి మలక్‌పేట్. వాళ్ల నాయినకు ఎకరన్నర చెలక నేల ఉండేది. అది ముగ్గురన్నదమ్ముల మధ్య ముక్కలయి, ఆ ముక్కలు ప్లాట్లయి, ఇప్పుడు అక్కడ ఎవరెవరివో ప్రహరీ గోడలు లేచాయి. అన్నలిద్దరూ భూముల బేరాల్లో దిగి తెల్ల చొక్కాలకు మారారు. మొగులయ్య మాత్రం పదహారో ఏట మేడ్చల్‌లో లారీల షెడ్డుకు వెళ్లి నల్ల చేతులకు మారాడు. నలభై ఏళ్లు అదే రంగు. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, తెల్ల మీసం, దాని ఒక కొస ఎప్పుడూ గ్రీజు అంటి నల్లగా ఉండేది. మాట తక్కువ, ఆడిన మాటలో సగం ఎత్తిపొడుపు. బండివాడు వచ్చి "అయిపోయిందా కాకా" అంటే "అయితే నువ్విక్కడెందుకుంటవ్, ఇంట్లుంటవ్ గదా" అనేవాడు. తిట్టించుకున్నవాడే మళ్లీ వచ్చేవాడు. ఎందుకంటే మొగులయ్య మూసిన ఇంజిన్ తిరిగి షెడ్డుకు రాదని పేరు.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఇంజిన్ గురించి రెండు ముక్కలు చెప్పక తప్పదు. కింద క్రాంకు తిరుగుతుంది, దానితో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. పైన క్యామ్ తిరుగుతుంది, అది వాల్వులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది పళ్లున్న బెల్టు. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు తప్పుకోవాలి. బెల్టు ఒక్క పన్ను అటోఇటో ఎక్కిందంటే తప్పుకోవడం ఆలస్యమవుతుంది, పిస్టనూ వాల్వూ ఢీకొంటాయి. అందుకని బెల్టు విప్పి బిగించిన ఇంజిన్‌కు మొదటిసారి తాళం తిప్పే ముందు, క్రాంకు బోల్టుకు పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తారు. కింద రెండు చుట్లు తిరిగితే పైన ఒకటి పూర్తవుతుంది. అప్పుడు కింది గుర్తూ పై గుర్తూ తమ తమ చోట్లకు రావాలి, మధ్యలో పానా ఎక్కడా ఆగకూడదు.

ఇక్కడే ఒక చిక్కుంది. లోపల గాలి నలిగే చోట కూడా పానా బరువెక్కుతుంది. అది గాలా, ఇనుమా అన్నది తేల్చుకోవాలి. మిగతా ఆరు షెడ్లవాళ్లు ప్లగ్గులు విప్పేసి తిప్పుతారు. గాలి ఆ రంధ్రాల్లోంచి బయటికి పోతుంది కాబట్టి, పానా ఆగితే అది ఇనుమే. మొగులయ్య జన్మలో ప్లగ్గులు విప్పలేదు.

"గాలైతే మెత్తగ ఎదురొస్తది, ఇనుమైతే ఠక్కున ఆగుతది" అనేవాడు. "గంత మాత్రం తెల్వనోడు పానా ఎందుకు వట్టాలె."

ముప్పై ఏళ్లు ఆ మాట నిజమే. రెండో తిప్పు సగంలో ఆపి, బోల్టులన్నీ విప్పి, తను బిగించిన బెల్టును తనే ఊడదీసి మళ్లీ ఎక్కించడం నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ చెయ్యి చెప్పిందే నిజమయింది. ఆ సంగతి రోడ్డంతా చెప్పుకున్నారు. చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను, నా బెల్టులు కూడా అమ్ముడుపోవాలి కదా.

రెండున్నరేళ్ల కింద, ఎండాకాలంలో, మధ్యాహ్నం నా దుకాణంలోకి కమురు వాసన వచ్చింది. జవహర్‌నగర్ వైపు నుంచి గాలి మళ్లితే చెత్త కాలే వాసన మాకు అలవాటే, కానీ ఇది అది కాదు. లేచి పక్కకు వెళ్లి చూస్తే మొగులయ్య అప్పుడే ఆపిన డీసీఎం లారీ కింద వంగి, ఎడమ చెయ్యి సైలెన్సర్ గొట్టం మీద ఆనించి, కుడి చేత్తో బోల్టు వెతుక్కుంటున్నాడు. చర్మం కాలుతోంది. అతనికి తెలియడం లేదు. నేను భుజం పట్టి లాగితే కోపంగా చూశాడు. తరువాత చేతిని చూసుకున్నాడు. ఆ చూపు నేనింతవరకు మరిచిపోలేదు. అది తన చెయ్యి కాదన్నట్టు, ఎవరో అక్కడ పెట్టిపోయినట్టు చూశాడు.

షుగర్ ఉందని అతనికి ముందే తెలుసు. అరికాళ్ల తిమ్మిరి ఏడాదిగా ఉందట. వేళ్లకు ఎక్కిందన్నది ఆ రోజే తేలింది.

"సేటూ, గీ సంగతి ఇంట్ల దుర్గకు జెప్పకు" అన్నాడు. "ఎవ్వలకూ జెప్పకు."

నేను చెప్పలేదు. స్నేహం కొద్దీ అని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరే. మొగులయ్య షెడ్డుకు బండ్లు ఆగిపోతే నా దుకాణంలో సగం సామాను కదలదు. ఆ పిరికితనానికి స్నేహమని పేరు పెట్టుకున్నాను, అంతే.

ఆ తరువాత రెండేళ్లూ అతను ఒక దొంగ బతుకు బతికాడు. నట్టు చేతిలోకి తీసుకుని కళ్లతో చూసి ఉన్నట్టు రూఢి చేసుకునేవాడు. మరలో గీరుడు ఉందో లేదో తెలుసుకోవడానికి, ఎవరూ చూడనప్పుడు, బోల్టును పెదవికి ఆనించి చూసేవాడు. పానా తిప్పేటప్పుడు గుర్తులనుంచి కళ్లు తిప్పేవాడు కాదు. గుర్తులు కనిపిస్తున్నంతకాలం నెట్టుకొచ్చాడు. ప్లగ్గులు విప్పి తిప్పితే సరిపోయేది, అయిదు నిమిషాల పని. కానీ ముప్పై ఏళ్లు విప్పనివాడు ఇవాళ విప్పితే ఎవడైనా ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకు అన్న మాటకే అతను భయపడ్డాడు.

ఎల్లేష్ వ్యాను ఆ షెడ్డుకు వచ్చింది ఒక ఆదివారం. ఎల్లేష్‌దీ లాల్‌గడి మలక్‌పేటే, ముప్పై అయిదు లోపు, మొగులయ్యకు వరసకు కొడుకు అవుతాడు. అతని వ్యాను రోజూ ఆ ఊరి ఆడవాళ్లు పదిమందిని, శామీర్‌పేటలో ఎక్కే పదకొండో మనిషిని రింగ్ రోడ్డు మీదుగా మందుల కంపెనీకి తీసుకుపోయి, షిఫ్టు అయ్యాక తెచ్చి దింపుతుంది. పదకొండో మనిషి దుర్గాబాయి, మొగులయ్య భార్య. కాపురం ఇక్కడే, షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. ఆమె కంపెనీలో సీసాల ప్యాకింగ్ చేస్తుంది, రెండో షిఫ్టు.

వ్యాను హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. హెడ్డు, అంటే వాల్వులుండే పై దిమ్మె, విప్పి లేతు మిషన్‌కు పంపితే అది వంకర పోయిందని వాళ్లు కొంచెం గీకి చదును చేసి ఇచ్చారు. గీకిన హెడ్డు పలచబడుతుంది, వాల్వులు పిస్టన్లకు ఆ మేరకు దగ్గరవుతాయి. అలాంటి ఇంజిన్‌లో ఒక్క పన్ను తప్పినా దెబ్బే. మొగులయ్యకు ఇది తెలియక కాదు. గురువారం సాయంత్రం హెడ్డు చేతికి రాగానే దాన్ని కంటి ఎత్తున పట్టుకుని, "మస్తు గీకిండ్రు సేటూ, లోపట జాగ మిగల్లే" అని నాతోనే అన్నాడు.

శుక్రవారం రెండో షిఫ్టుకు వ్యాను రాకపోతే ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీవాళ్లు ఎల్లేష్‌కు చెప్పేశారు. పెద్ద పని జరిగిన ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చెయ్యడం మావైపు చిన్న సంగతి కాదు. పంతులును అడిగి గడియ పెట్టించుకుంటారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. ఎల్లేష్ తల్లి బాలనర్సమ్మ ఇవన్నీ సంచిలో పెట్టుకుని తొమ్మిదిన్నరకే షెడ్డు ముందు స్టూలు వేసుకు కూర్చుంది. పంతులు పెట్టిన గడియ పది గంటల పన్నెండు నిమిషాలు. పదిన్నరకు రాహుకాలం వస్తుంది, వస్తే పన్నెండు దాకా తాళం ముట్టుకోకూడదు.

ఆ శుక్రవారం పొద్దున మొగులయ్య కొత్త బెల్టు ఎక్కించాడు. బెల్టును బిగించే చిన్న చక్రం మరను తిప్పేటప్పుడు పై పుల్లీ ఒక్కోసారి వెంట్రుకవాసి కదులుతుంది. ఆ కదలిక చేతికి తెలియాలి. అది బిగించి పైకి లేచి, నీళ్లు తాగడానికి వెనక్కు వెళ్లాడు. ఆ అయిదు నిమిషాల్లో ఎల్లేష్ తొందరపడ్డాడు. పని తగ్గిద్దామని కింది మూత తానే బిగించేశాడు, దాని మీద పెద్ద పుల్లీ కూడా ఎక్కించాడు. కింది గుర్తు ఆ మూత వెనక్కు పోయింది.

మొగులయ్య వచ్చి చూశాడు.

"మూత ఎవడు వెట్టిండు?"

"నేనే కాకా. జల్దీ అయితదని."

"ఇప్పాలె."

బాలనర్సమ్మ స్టూలు మీద నుంచి లేచింది. "ఎంతసేపు వడ్తది మొగులయ్యా?"

"అర్ధగంట."

"రాహుకాలం వస్తాంది. ఇగ పన్నెండు దాంక ఆగాలె. పన్నెండుకు సురువు జేస్తే వీడు ఊర్లెకు వొయ్యి ఆడోళ్లను తెచ్చేదెప్పుడు, కంపెనీకి వొయ్యేదెప్పుడు."

ఎల్లేష్ చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. "కాకా, నీ చెయ్యి కంటె ఎక్కువనా గా గుర్తు? నీ చేతికి తెల్వకపోతే ఇంకెవరికి తెలుస్తది. రెండు తిప్పులు తిప్పు, చాలు."

పొగడ్త అనుకునే వాడు అన్నాడు. మొగులయ్య మెడకు అది ఉచ్చులా పడింది. నా చేతికి తెలియదు అనాలి, అంటే నలుగురి ముందు ఎందుకో చెప్పాలి. పక్క షెడ్డువాళ్లు ఇద్దరు కూడా కొబ్బరికాయ ప్రసాదం కోసం వచ్చి నిలబడ్డారు. నేను కూలెంటు డబ్బా పట్టుకుని రేడియేటర్ పక్కన ఉన్నాను. పది గంటల ఎనిమిది నిమిషాలయింది.

మొగులయ్య పానా అందుకున్నాడు.

మొదటి తిప్పు మామూలుగానే పోయింది. గాలి దగ్గర బరువెక్కింది, వదిలింది, మళ్లీ బరువెక్కింది, వదిలింది. రెండో తిప్పు సగం దాటాక పానా ఆగింది. అతనూ ఆగాడు. తల ఎత్తి నా వైపు చూశాడు.

ఏమడుగుతున్నాడో నాకు తెలుసు. అక్కడున్న అందరిలో నాకొక్కడికే తెలుసు. ఆ చేతికి ఏమీ తెలియడం లేదని, ఎవరో ఒకరు ఆపితే ఆగిపోతానని ఆ చూపు. నేను "ఆగు మొగులన్నా" అంటే చాలు. నేను తల దించుకుని డబ్బా మూత తిప్పడం మొదలుపెట్టాను. అప్పటికే బిగించి ఉన్న మూత అది.

అతను పానా మీద ఒళ్లంతా వంచి నొక్కాడు. పానా కదిలింది. లోపల చిన్న చప్పుడయింది, అన్నంలో రాయి పంటికింద పడితే నోట్లో అయ్యేంత చప్పుడు. మిగిలిన సగం చుట్టు నెమ్మదిగా పూర్తయింది.

"తాళం దిప్పు" అన్నాడు పానా తీసేసి.

పది గంటల పన్నెండుకు ఎల్లేష్ తాళం తిప్పాడు. ఇంజిన్ అందుకుంది. బాలనర్సమ్మ కొబ్బరికాయ కొట్టి నీళ్లు బానెట్ మీద చిలకరించింది. వ్యాను ముందుకు కదిలి నిమ్మకాయలు చిదిమింది. అందరి ముఖాలూ వెలిగాయి. ఇంజిన్ మోతకింద సన్నగా, విడవకుండా, టిక్కు టిక్కుమని ఇంకో చప్పుడు వినిపిస్తోంది.

"కాకా, గదేంది?" అన్నాడు ఎల్లేష్ కిటికీలోంచి.

"లిఫ్టర్లు. వాల్వులను లేపేటియి గవి, నూనె ఎక్కలే ఇంక. రెండు దినాలల్ల పోతది."

పద్దెనిమిదేళ్లలో నా ఎదుట అతను ఇంజిన్ గురించి ఆడిన మొదటి అబద్ధం అది. ఎల్లేష్ నమ్మాడు. తల్లిని ముందు సీటులో ఎక్కించుకుని ఊరివైపు వెళ్లిపోయాడు.

ఆ తరువాత మొగులయ్య ఇంకో బండిని ముట్టలేదు. బయట రెండు కార్లు నిలబడి ఉన్నా, పెట్టె మీద కూర్చుని పానాను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ ఉండిపోయాడు. గాలి జవహర్‌నగర్ నుంచి మళ్లి వాసన మొదలైంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ప్రతి లారీకీ అతను తల ఎత్తడం నా గల్లా దగ్గర నుంచి కనిపిస్తూనే ఉంది. పదకొండున్నరకు నేనే లేచి వెళ్లాను.

"మొగులన్నా, ఏమయింది?"

"గాలేనంటవా సేటూ?"

"నాకేమెరుక. నేను అమ్ముకునేటోణ్ని."

అలా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. అతను ఫోన్ తీశాడు. ఎల్లేష్ పేరు మీద నొక్కాడు. మోగకముందే కట్ చేశాడు. మళ్లీ నొక్కి మళ్లీ కట్ చేశాడు. మూడోసారి ఫోన్ జేబులో పెట్టేసుకుని, "ఊరి నుంచి ఇక్కడికి ఆరు కిలోమీటర్లు, మెల్లగనే నడుపుతడు" అన్నాడు. ఊరి నుంచి ఇక్కడికి వచ్చే దారి మెల్లగానే పోతుంది. ఇక్కడి నుంచి కంపెనీకి రింగ్ రోడ్డు. దాని మీద ఎవరూ మెల్లగా పోరు. నడిమధ్యలో ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రాయవుతుంది, వెనక నుంచి వచ్చేవాడికి తెలిసేలోపు అయిపోతుంది. ఇవన్నీ ఇద్దరికీ తెలుసు. నేను తిరిగొచ్చి గల్లా వెనక కూర్చున్నాను.

పన్నెండు ముప్పావుకు దుర్గాబాయి భోజనం డబ్బాతో వచ్చింది. సన్నటి మనిషి, చీర మీద కంపెనీ నీలం కోటు, భుజాన సంచి. రోజూ అతనికి డబ్బా ఇచ్చి, ఇక్కడే వ్యాను ఎక్కుతుంది. డబ్బా మూత తీసి ముందు పెట్టింది. అతను ముట్టలేదు.

"ఇయ్యాల్ల డ్యూటికి పోకు" అన్నాడు.

"ఎందుకు?"

"పాణం మంచిగ లేదు."

"ఎవలది, నీదా నాదా?"

అతను డబ్బాను పక్కకు జరిపాడు. ఆమె నవ్వబోయి అతని ముఖం చూసి మానేసింది. నా వైపు చూసింది. నేను బిల్లు పుస్తకంలో తల పెట్టాను.

అప్పుడు వ్యాను వినిపించింది. అవును, కనిపించకముందే వినిపించింది. పొద్దున సన్నగా ఉన్న టిక్కు ఇప్పుడు సుత్తితో రేకు మీద కొట్టినట్టు మోగుతోంది. మలుపు తిరిగి షెడ్డు ముందు ఆగింది. లోపల పదిమంది ఆడవాళ్లు, కిటికీల నిండా నీలం కోట్లు, ఎవరో దేనికో నవ్వుతున్నారు. ఎల్లేష్ హారన్ కొట్టాడు. దుర్గాబాయి సంచి సర్దుకుని కదిలింది. మొగులయ్య లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దన్న గదా."

"ఇడువు. చెయ్యి నొస్తాంది."

అతను వదల్లేదు. ఆమె వేళ్లు తెల్లబడుతున్నాయి, అతనికి అది తెలియడం లేదు.

"ఇడువమన్న గదా, ఎముక ఇరుగుతది. గంత గట్టిగ వడ్తరా?"

మొగులయ్య తన చేతిని చూసుకుని ఒక్కో వేలూ విప్పాడు. మణికట్టు మీద అయిదు గుర్తులు ఎర్రగా తేలాయి.

"నాకు తెలుస్తలేదు దుర్గా" అన్నాడు. "రెండేండ్లాయె. వేళ్లకు ఏం తెలుస్తలేదు. పొద్దుగాల పానా ఆగింది. గాలో ఇనుమో తెల్వలే. బలంతోని తిప్పిన. గందుకే గా చప్పుడు. నువ్వు ఎక్కకు."

ఆమె ఏడవలేదు, అరవలేదు. వ్యాను వైపు ఒకసారి చూసింది, అతని వైపు చూసింది.

"నన్ను ఆపుతవ్. మరి ఆళ్లను?"

ఎల్లేష్ మళ్లీ హారన్ కొట్టాడు.

"నువ్వు జెప్తవా, నేను జెప్పాల్నా?" అంది దుర్గాబాయి.

మొగులయ్య రోడ్డు మీదికి నడిచాడు. షెడ్డు నుంచి వ్యానుకు పది అడుగులుంటాయేమో. ఆ కాస్త దూరం నడవడానికి ఒక మనిషికి అంతసేపు పట్టడం నేను చూడలేదు. వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇంజిన్ బంద్ జెయ్యి ఎల్లేషా."

"ఏంది కాకా, టైమయితాంది."

"బంద్ జెయ్యి. అందరు దిగుండ్రి."

ఇంజిన్ ఆగింది. ఆ సుత్తి చప్పుడు ఆగగానే రోడ్డు పక్కన అందరూ ఇటు తిరిగారు. ఆరు షెడ్లవాళ్లూ వచ్చారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగి రేకుల నీడకు చేరారు. మొగులయ్య చెప్పాడు. తిమ్మిరి సంగతి చెప్పాడు, మూత సంగతి చెప్పాడు, పానా ఆగిన సంగతి, నొక్కిన సంగతి చెప్పాడు. లిఫ్టర్లన్నది అబద్ధమని కూడా చెప్పాడు. గొంతు పెంచలేదు, దించలేదు. నేను చూసి తల దించుకున్న సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటి చెప్పి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. దాన్ని నాకే వదిలేశాడు.

ఎల్లేష్ ముందు నవ్వాడు, తరువాత నమ్మలేదు, తరువాత ముఖం నల్లబడింది. కానీ తిట్టలేదు. రెండు ఆటోలు పిలిచి ఆడవాళ్లను ఎక్కించాడు. దుర్గాబాయి ఎక్కలేదు. వాళ్లు వెళ్లాక, ఎల్లేష్ మొగులయ్యను పానా పట్టనివ్వకుండా మేడ్చల్ నుంచి వీరేందర్‌ను పిలిపించాడు. వీరేందర్ నలభై ఏళ్ల మెకానిక్కు, ఒకప్పుడు మొగులయ్య దగ్గరే పని నేర్చుకున్నవాడు. వచ్చీ రాగానే మొగులయ్యకు దండం పెట్టాడు. పెట్టి, అతని ఎదుటే ప్లగ్గులు నాలుగూ విప్పాడు.

పానా పెట్టి ఒక్క వేలితో తిప్పాడు. ఒకటిన్నర చుట్టు దగ్గర ఠక్కుమంది. ఆ చప్పుడు రేకుల కింద నిలబడ్డ అందరికీ వినిపించింది. మూత విప్పితే కింది గుర్తు ఒక్క పన్ను పక్కకు ఉంది. సాయంత్రం అయిదుకు హెడ్డు పైకి లేచింది. మూడో పిస్టన్ నెత్తిన నెలవంక ఆకారంలో తెల్లగా మెరుస్తూ గాటు. దాని మీది వాల్వు వంగి, కాడ మీద చీలిక పడింది. వీరేందర్ దాన్ని బయటికి తీసి వెలుతురుకు పట్టుకున్నాడు.

"ఇంకో పది కిలోమీటర్లు" అన్నాడు. "తల తెగి లోపట వడుతుండె. రింగ్ రోడ్డు మీద, స్పీడు మీద."

 ఎల్లేష్ ఆ వాల్వు తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. ముందు నా దగ్గరికి వచ్చాడు.

"చేతుల సంగతి నీకు ముందుగాలనే ఎరుకనా సేటూ?"

"ఎరుకే" అన్నాను. వాడు నన్ను కొట్టినా బాగుండేది. ఒక్కసారి చూసి వదిలేశాడు. ఆ రోజు నుంచి నా దుకాణంలో వాడు ఒక్క నట్టు కొనలేదు, మిగతావాళ్లు కూడా చాలామంది కొనడం మానేశారు. అది నాకు తగిన శాస్తే.

తరువాత మొగులయ్య దగ్గరికి వెళ్లాడు. మొగులయ్య పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, పక్కన దుర్గాబాయి నిలబడి ఉంది.

"నువ్వు ఆపకపోతే పదకొండు పాణాలు వోతుండె, నాతోని పన్నెండు" అన్నాడు ఎల్లేష్. "ఆపినవ్. గందుకు నీకు దండం. కానీ ఒక్కటి అడుగుత, నిజం జెప్పు కాకా. పొద్దుగాల పదింటి నుంచి నీకు అనుమానం ఉన్నది. మూడు గంటలు కూసున్నవ్. చిన్నమ్మ గా వ్యాన్ల ఎక్కేదుండకపోతే, నువ్వు జెప్తుంటివా?"

మొగులయ్య తన వేళ్లను చూసుకున్నాడు. సాకు వెతుకుతున్నాడని నేననుకున్నాను, కాదు. నిజంగానే తనను తాను అడుగుతున్నాడు.

"లేదు బిడ్డా" అన్నాడు. "జెప్పకపోతుంటి."

ఎల్లేష్ కంటే ముందు, ఆ మాటకు దుర్గాబాయే తల దించుకుంది.